డి లో పెడితే పోదన్నారు

మా కంప్యూటర్‌ని ఉప్పల్‌లో ఒక చిన్న షాపులో అసెంబుల్ చేయించాం. చేతికిచ్చేటప్పుడు షాపతను ఒకే ఒక్క జాగ్రత్త చెప్పాడు.

"అక్కా, సి డ్రైవుల ఏం పెట్టకు. వైరస్ వచ్చినా, స్లో అయినా సి నే కొట్టేసి మళ్ల ఎక్కిస్తం. నీది ఏదున్నా డి ల పెట్టుకో. సి పోతది గానీ డి పోదు."

ఆదివారం చర్చిలో విన్న వాక్యాన్ని ఎలా నమ్ముతానో ఈ మాటని అలాగే నమ్మాను. నేనొక్కదాన్నే కాదు. మా వీధిలో కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే మాట. పిల్లల ఫొటోలు డి లో, పెళ్లి వీడియో డి లో, పోయినా ఫరవాలేనివన్నీ సి లో.

సి, డి తర్వాత ఈ రావాలి కదా. మా దాంట్లో ఎఫ్ వచ్చింది. మధ్యలో అక్షరం ఏమైందని అడిగితే, అది సీడీ పెట్టే అరకి పోయిందన్నాడు. అరకి అక్షరం ఎందుకో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. డి మీదా, ఎఫ్ మీదా ‘న్యూ వాల్యూమ్’ అని ఒకే పేరు రాసి ఉండేది. సైజు కూడా సమానమే. గొడవ లేకుండా డి నేను తీసుకున్నాను, ఎఫ్ మా ఆయనకిచ్చాను.

నా పని పంచింగ్. జాకెట్ల మీద మిషన్ వేసే ఎంబ్రాయిడరీకి కంప్యూటర్‌లో డిజైన్ తయారుచేయడం. సూది ఎక్కడ దిగాలి, ఎటు తిరగాలి, దారం ఎక్కడ తెగాలి, అన్నీ ముందే చెప్పిపెట్టాలి. మిషన్‌కి సొంత బుద్ధి ఉండదు. డిజైన్‌ని పెన్‌డ్రైవులో వేసుకుని నాచారంలో మా వెనక వీధి మిషన్ షాపుకి వెళ్తాను. దగ్గర నిలబడి కుట్టిస్తాను. అయిపోగానే మిషన్‌లోంచీ, పెన్‌డ్రైవులోంచీ డిజైన్‌ని నా కళ్లముందే తీసేయిస్తాను. ఈ లైన్లో ఎవరి డిజైన్ అయినా ఒక్క రాత్రి పరాయి చోట ఉంటే చాలు, తెల్లారేసరికి హబ్సిగూడ నుంచి ఘట్‌కేసర్ దాకా ప్రతి జాకెట్టు మీదా ప్రత్యక్షమవుతుంది. "గింత అనుమానమైతే ఎట్లక్కా" అంటాడు మిషనతను. అననీ. నా డిజైన్ అన్నది భూమ్మీద ఒక్క చోటే ఉండాలి. ఆ చోటు డి.

మా ఆయన ఎఫ్‌లో రైళ్లు ఉండేవి. ఆయన చర్లపల్లిలో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. డ్యూటీ దిగి తిన్నగా ఇంటికొస్తే ఆయన ఆయనెందుకవుతాడు? కొత్త టెర్మినల్ దగ్గర పట్టాల పక్కన బండి ఆపి, వచ్చే రైలునీ పోయే రైలునీ ఫోన్లో తీసి, ఇంటికొచ్చి ఎఫ్‌లో దాచుకుంటాడు. ఆ వీడియోల్లో ఏముంటుందంటే, రైలు వస్తుంది, పోతుంది. ఇంటికొచ్చిన చుట్టాలకి టీతో పాటు అవి కూడా తప్పవు. "ఎక్కని రైళ్ల మీద ఇంత ప్రేమేంది నీకు, ఒక్కసారన్న ఎక్కించరాదు" అని నేను ఏడిపించేదాన్ని. నవ్వి ఊరుకునేవాడు.

ఆయన పనిచేసే యూనిట్‌ని ఔటర్ రింగు రోడ్డు అవతలికి మారుస్తారని మాట బయటికొచ్చింది. అంతదూరం పోయి రావడం తన వల్ల కాదని, సర్వర్ గదుల్లో కరెంటు పని తెలిసినవాళ్లకి ఉద్యోగాలున్నాయని, దానికి లినక్స్ అని విండోస్ లాంటిదే ఇంకోటి వస్తే చాలని ఎవరో ఎక్కించారు. అప్పట్నుంచి ఫోన్లో రైళ్ల బదులు లినక్స్ వీడియోలు.

"మన కంప్యూటర్ల రెండూ ఉంటయ్" అన్నాడొకరోజు. "నీ విండోస్ నీకే, నా లినక్స్ నాకే. ఆన్ చేయంగనే ఏది గావాలో అదే అడుగుతది."

"మరి దానికి జాగ యాడికెల్లి వస్తది?"

"నా ఎఫ్ తీసేస్త. నీ డి జోలికి పోను."

"నీ రైళ్లు?"

"రైళ్లకేంది, రోజూ వస్తనే ఉంటయ్" అన్నాడు. చాలా తేలిగ్గా అన్నాడు గానీ, అనేటప్పుడు నా వైపు చూడలేదు.

సరిగ్గా అప్పుడే నాకొక మంచి పని వచ్చింది. మా చర్చికొచ్చే ఒక టీచరమ్మ తన కూతురి పెళ్లి జాకెట్టు నాకిచ్చింది. తెల్ల పట్టు చీర మీదికి తెల్ల జాకెట్టు, రెండు చేతుల మీదా బంగారు జరీతో ద్రాక్ష తీగ. అలాంటి తీగ ఎక్కడైనా దొరుకుతుంది కదా అనుకోకండి. దొరికే వాటిలో గుత్తులు గోలీలు పోసినట్టుంటాయి. నేను ఒక్కో పండుకీ కుట్టు దిశ మార్చి, వెలుగు ఒక్కో పండు మీద ఒక్కోలా పడేటట్టు చేశాను. నేను చేసిన వాటిలో నాకే నచ్చిన డిజైన్ అది. పెళ్లి గురువారం. శనివారం కుడి చెయ్యి కుట్టడం పూర్తయింది. ఎడమ చెయ్యి ఫ్రేముకి బిగించే లోపలే కరెంటు పోయింది, ఎంతకీ రాలేదు. మిగతాది సోమవారం కుడదామన్నాడు మిషనతను. "డిజైన్ ఉండనీ అక్కా, సోమవారం దాకనే గదా" అన్నాడు. రాత్రి కరెంటు వచ్చేదాకా కూర్చుని మరీ తీసేయించి వచ్చాను.

ఆదివారం ఆరాధన నుంచి రాగానే మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నేను వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తున్నాను. చాలాసేపు చప్పుడు లేదు. తొంగి చూస్తే తల వంచి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నాడు. ప్రార్థన అయ్యాక ఎంటర్ కొట్టాడు. లినక్స్ ఎక్కించే ముందు దేవుణ్ణి పిలిచిన మనిషి నాచారంలో ఈయనొక్కడే అయ్యుంటాడని నవ్వుకున్నాను.

అన్నాలు తినేసరికి అంతా అయిపోయింది. నన్ను పిలిచి కూర్చోబెట్టి కొత్త తెర చూపించాడు. రంగులు బాగానే ఉన్నాయి. పక్కన చిన్న బొమ్మ కింద ‘న్యూ వాల్యూమ్’ అని ఉంది.

"ఇగో, నీ డి. సల్లగున్నది."

నేను చూశాను. ఉంది. దాన్ని తెరిచి చూడాలని నాకూ తోచలేదు, ఆయనకీ తోచలేదు.

సోమవారం ఆయన డ్యూటీకి వెళ్లాక కంప్యూటర్ ఆన్ చేశాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఒక పట్టిక వచ్చింది. పైన ఆయన లినక్స్. దాని కింద ఏవేవో, మెమరీ పరీక్షట, ఇంకేదోనట. అన్నిటికన్నా అడుగున నా విండోస్. ఇన్నేళ్లుగా ఆ కంప్యూటర్ మీద పనిచేసేది నేను, నా చోటు మెమరీ పరీక్ష కంటే కింద! కోపంగా చూస్తుండగానే కుక్కర్ కూతేసింది. కట్టేసి వచ్చేసరికి అదే ఆయన లినక్స్‌లోకి వెళ్లి కూర్చుంది. అడుగుతుందన్నాడు గానీ, జవాబు కోసం ఆగదని చెప్పలేదు. కింద అంకెలు తగ్గుతుంటాయని, సున్నాకి వచ్చేలోపల మనం చెప్పకపోతే తనకిష్టమైన దాంట్లోకి తనే పోతుందని నాకు తర్వాత తెలిసింది. ఆపి మళ్లీ ఆన్ చేశాను. ఈసారి మౌస్ తిప్పాను. ఆ తెర మీద మౌస్ పనిచేయదట. మళ్లీ లినక్స్. ఆ తర్వాత బాణం గుర్తు మీద వేలు పెట్టుకుని, కుక్కర్ కూసినా కదలకూడదని ఒట్టు పెట్టుకుని కూర్చుంటే విండోస్ వచ్చింది.

తెరిచి చూస్తే సి ఉంది, ఎఫ్ ఉంది. డి లేదు.

నా కళ్లదే తప్పనుకున్నాను. తీసేసింది ఎఫ్ కదా, మరి ఎఫ్ ఎందుకుంది? ఉన్నది డి కదా, మరి డి ఏది? బహుశా మొత్తం కలబెట్టినప్పుడు అక్షరాలు అటుదిటు అయ్యుంటాయని, ఎఫ్ అని కనిపించేదే నా డి అని ధైర్యం తెచ్చుకుని నొక్కాను. రైళ్లు. ఒకటి తెరిచి చూశాను. కూత పెట్టుకుంటూ రైలు వచ్చింది, పోయింది. ఇంకోటి తెరిచాను. ఇంకో రైలు. తీసేసిన డ్రైవులో రైళ్లు నడుస్తున్నాయి, తీసెయ్యని డ్రైవు మాయమైంది.

మా ఆయనకి ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది. వాళ్ల ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. నేను పెట్టేయగానే టీచరమ్మ చేసింది.

"అమ్మా, ఎడమ చెయ్యి ఎంతవరకొచ్చింది? గురువారం పొద్దుగాలనే పెండ్లి, యాదున్నది గద?"

"అయితది మేడమ్, ఫికర్ చేయకుర్రి" అన్నాను. అంత నిబ్బరం నా గొంతుకి ఎక్కణ్నుంచి వచ్చిందో నాకే తెలియదు.

సీపీయూని చున్నీలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఉప్పల్ వెళ్లాను. రింగు రోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో ఆగిన ప్రతిసారీ దాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను. షాపతను నన్ను చూడగానే నవ్వాడు.

"స్లో అయిందా అక్కా? ఏం ఫికర్ చేయకు. సి కొట్టేస్త. డి సేఫ్ ఉంటది."

"అన్నా, పోయింది డి నే."

"డి పోదక్కా."

"పోయిందన్నా."

"అట్లెట్ల పోతది? పోయేది సి."

వైరు తగిలించి ఆన్ చేశాడు. నల్ల తెర మీద పట్టిక రాగానే "ఇదేంది?" అని నన్నే అడిగాడు. తల గోక్కున్నాడు. చివరికి, మొత్తం కొట్టేసి మొదట్నుంచి సి, డి, ఎఫ్ చేసిస్తానన్నాడు. "కొత్త డి వస్తదక్కా" అన్నాడు. కొత్త డి ఎవడిక్కావాలి? అతని చేతిలోంచి వైరు లాక్కుని, సీపీయూని మళ్లీ చున్నీలో చుట్టుకుని ఇంటికొచ్చేశాను.

సాయంత్రం మా ఆయన గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే మొదలుపెట్టాను.

"నా డి యాడ పెట్టినవ్?"

"నేను తీసింది ఎఫ్."

"ఎఫ్ ఉన్నది! నీ రైళ్లు మంచిగ నడుస్తున్నయ్. నా పనే లేదు."

"కాదే, నా చేత్తోనే తీసిన..."

"మరి పోయి సూడు!"

వెళ్లి చూశాడు. ఒక రైలు తెరిచాడు, వెంటనే మూసేశాడు. తన లినక్స్‌లోకి వెళ్లి ఏదో పట్టిక తెరిచి దాన్నే చూస్తూ ఉండిపోయాడు. నేను అరుస్తూనే ఉన్నాను. ఆయన లేచి వంటింట్లోకి వెళ్లాడు. నేను ఇంత మాట్లాడుతుంటే మంచినీళ్లకి పోతాడేంటని వెనకే వెళ్లాను. బుట్టలోంచి మూడు ఉల్లిగడ్డలు తీసి గట్టు మీద వరసగా పెట్టాడు.

"సి, డి, ఎఫ్. లినక్స్‌ల గీ అక్షరాలు ఉండయ్. ఒకటి, రెండు, మూడు అని నంబర్లే ఉంటయ్. ఎఫ్ మూడోది గదా అని మూడో నంబర్ తీసేసిన."

"సరే. మూడోది ఎఫ్ యే గదా?"

ఆయన వెల్లుల్లి గడ్డలోంచి ఒక రెబ్బ తీసి, మూడు ఉల్లిగడ్డలకీ ముందు పెట్టాడు.

"గిది ఉన్నదని నాకు తెల్వదు. విండోస్ లేచేటందుకు ముందర చిన్న ముక్క దాసిపెట్టుకుంటదట. మనకు కనబడది. దానికి గూడ నంబరున్నది. నాలుగు నంబర్లెందుకున్నయో నాకు సమజ్ కాలే. ఆఖర్ల ఏదో ఉత్తది మిగిలిందనుకున్న."

ఆ రెబ్బ మీద వేలు పెట్టి ఒకటి అన్నాడు. సి మీద రెండు అన్నాడు. నా డి మీద వేలు పెట్టాక మూడు అనలేకపోయాడు.

నాకు లెక్క అర్థమైంది, మళ్లీ జారిపోయింది. రెండోది మూడోది ఎలా అయిందో, ఉన్నదాన్ని కనపడకుండా ఎందుకు పెడతారో, పేరు పెట్టగలిగి కూడా రెండిటికీ ఒకే పేరు ఎందుకు పెట్టారో, ఒక్కటీ తలకెక్కలేదు. ఎక్కింది ఒక్కటే. ఈయన తన రైళ్లు తీసేద్దామని కూర్చుని, దేవుడికి చెప్పుకుని మరీ, నా పని తీసేశాడు. నాకు పట్టలేనంత కోపం వచ్చింది. కానీ ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలి? నాకోసం తన రైళ్లు వదులుకుందామనుకున్న మనిషి మీద పెట్టనా? అక్కడే గట్టుకి ఆనుకుని ఏడ్చాను. ఆయన ఉల్లిగడ్డలు తీసి బుట్టలో వేశాడు, వెల్లుల్లి రెబ్బని మాత్రం చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

పోయినవి వెనక్కి తెచ్చే ప్రోగ్రాం ఏదో ఉందని నడిపించాడు. అది పేర్లు లేని ఫైళ్లు కుప్పగా తెచ్చిపోసింది. ఒక్కోటీ తెరిచాను. కొన్ని తెరుచుకోనేలేదు, తెరుచుకున్నవి చిక్కుపడ్డ దారపు ఉండలు. ఒక దాంట్లో సగం ద్రాక్ష గుత్తి కనిపించింది, ఆ తర్వాత అంతా తెలుపు. పోయిన చోటు మీదే లినక్స్ కూర్చుంది కదా, ఇంతకంటే రాదన్నాడు. కంప్యూటర్ కట్టేయమన్నాను.

ఇక మిగిలింది కుడి చెయ్యి ఒక్కటే. మంగళవారం దాన్ని మిషన్ షాపు నుంచి తెచ్చుకున్నాను. మా ఆయన సెలవు పెట్టాడు. పంచింగ్ సాఫ్ట్‌వేర్ సి లో ఉంది, కాబట్టి అది బతికే ఉంది. పోతుందన్నది ఉంది, పోదన్నది పోయింది. చెయ్యిని అట్టకి గుండుసూదులతో గుచ్చి ఫొటో తీసి, తెర మీద దాని మీదుగా మళ్లీ పంచింగ్ మొదలుపెట్టాను.

నేను చేసిన డిజైనే నాకు గుర్తులేదు. అది అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది. తీగ ఎక్కడ మొదలుపెట్టానో, గుత్తిలో ఏ పండు ముందు కుట్టించానో, ఏ కుట్టు ఎటు వాలిందో, పైనుంచి ఎంత చూసినా తెలియలేదు. ఎవరి పనో చూసి దొంగతనంగా కాపీ కొడుతున్నానేమో అనిపించింది. మధ్యాహ్నానికి ఒక్క గుత్తి కూడా సరిగ్గా రాలేదు. చెయ్యిని అట్ట నుంచి ఊడబీకి పడేద్దామనుకున్నాను.

అప్పటిదాకా పక్కన కూర్చున్న ఆయన, గుండుసూదులు తీసి చెయ్యిని లోపలి వైపు తిరగేశాడు. ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకున్నాడు. వెనక వైపు ఒక గుత్తి నుంచి ఇంకో గుత్తికి పోయే దారాలన్నీ కనిపించాయి.

"ఇగో, ఈడికెల్లి లేసింది. ఇట్ల పోయి ఈ పండుకొచ్చింది. ఈడ తెగింది."

రోజూ బోర్డుల వెనక వైర్లు పట్టుకుని పోయే మనిషి కదా. ఆయన వెనక నుంచి చదివాడు, నేను ముందు నుంచి వేశాను. కుడిదాన్ని ఎడమకి తిప్పేటప్పుడు ఇద్దరం తికమకపడి, ఆయన తన కుడి చెయ్యి ఎత్తి, నన్ను ఎదురుగా నిలబెట్టి నా ఎడమ చెయ్యి ఎత్తించాడు. ఆ అవతారంలో ఒకరినొకరు చూసుకుని ఆ వారంలో మొదటిసారి నవ్వుకున్నాం.

బుధవారం ఎడమ చెయ్యి కుట్టడం అయిపోయింది. తీగ చివర మెలిక కొంచెం వదులుగా వచ్చింది. నాకు తప్ప ఇంకెవరికీ కనిపించదు. నాకు మాత్రం ఇప్పటికీ కనిపిస్తుంది. మిషనతను అలవాటుగా "తీసేయాల్నా అక్కా" అని అడిగాడు. మిషన్‌లోంచి తీసేయించాను. పెన్‌డ్రైవుని మాత్రం ముట్టుకోనివ్వలేదు. టీచరమ్మ రెండు చేతులనీ పక్కపక్కన పెట్టి నిమిరి, "రెండూ ఒక్క తీరుగనే ఉన్నయమ్మా" అంది. నేను తలూపాను.

పెళ్లయ్యాక వచ్చిన ఆదివారం మా ఆయన మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఎఫ్ మొత్తం ఖాళీ చేసి నాకిచ్చేస్తానన్నాడు. ఈసారి కూడా నా వైపు చూడలేదు.

"రైళ్లుండనీ" అన్నాను. "సగం ఇయ్యి సాలు."

సగానికి కోశాడు. ఈసారి నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని, నంబరూ సైజూ బయటికి చదివి, తెరిచి లోపల ఏముందో చూపించి, అప్పుడు ఎంటర్ కొట్టాడు. తెర మీద కొత్త బొమ్మ వచ్చింది. దాని కింద ‘న్యూ వాల్యూమ్’ అని పడింది.

"మళ్ల న్యూ వాల్యూమేనా!" అని అరిచాను. "ఏది ఎవలదో రేపెట్ల తెలుస్తది?"

ఆయన దాన్ని చెరిపేసి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నా పేరు కొట్టాడు.

ఇంటి అగ్రిమెంటు ఆయన పేరు మీద ఉంది. గ్యాసు ఆయన పేరు మీద, బండి ఆయన పేరు మీద, నా ఫోన్లో సిమ్ కూడా ఆయన పేరు మీదే ఉంది. కరెంటు బిల్లు ఓనరు పేరుతో వస్తుంది. మిషన్ షాపులో నేను పంచింగ్ అక్కని. నేను నా పేరు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన తప్పు కొట్టాడేమోనని అక్షరాలు సరిచూస్తున్నాడు.

ఆ నల్ల పట్టికలో నా విండోస్ ఇంకా అడుగునే ఉంది. ఇంకా కుక్కర్‌కీ దానికీ మధ్య పరుగెడుతూనే ఉన్నాను, ఇంకా ఎన్నోసార్లు లినక్స్‌లోకే పోయి పడుతున్నాను. కానీ ఎటు పోయి పడ్డా, అక్కడ నా పేరు ఉంటుంది. ఆ రోజు దాన్ని తెరిచి పెన్‌డ్రైవు పెట్టాను. ఇన్నేళ్ల పనిలో మిగిలిన ఎడమ చెయ్యి ఒక్కటే అందులో వేసుకున్నాను.